పేద దేశం పేదగానే ఎందుకు ఉండిపోయింది: ఏ ప్రశ్నకు ఏ సిద్ధాంతం పనికొస్తుంది?

ఘనాలో బాక్సైట్ గనులు ఉన్నాయి. వోల్టా నది మీద అకోసోంబో దగ్గర పెద్ద ఆనకట్ట కట్టారు, 1966 జనవరిలో దాన్ని ప్రారంభించారు. ఆ కరెంటుతో నడవడానికి టెమా రేవులో అల్యూమినియం ఫ్యాక్టరీ వెలిసింది. గని, కరెంటు, ఫ్యాక్టరీ మూడూ ఒకే దేశంలో ఉన్నాయి, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ బాక్సైట్ నుంచి నేరుగా అల్యూమినియం రాదు. ముందు దాన్ని శుద్ధి చేసి అల్యూమినా అనే తెల్లటి పొడిగా మార్చాలి. ఆ మధ్య మెట్టుకు కావలసిన ప్లాంటును ఘనాలో కట్టలేదు. ఫ్యాక్టరీ పెట్టిన అమెరికన్ కంపెనీలకు వేరే చోట్ల గనులు, శుద్ధి కర్మాగారాలు అప్పటికే ఉన్నాయి. అందుకని పొడి ఓడల్లో బయటి నుంచి వచ్చేది, ఘనా కరెంటుతో లోహంగా మారేది, మళ్లీ ఓడెక్కి వెళ్లిపోయేది. ఘనా బాక్సైట్ మాత్రం ఇంకో రేవు నుంచి ముడి రాయిగానే వెళ్లేది.

దీన్ని ఏమనాలి? పెట్టుబడి వచ్చింది కాబట్టి అభివృద్ధికి తొలి మెట్టు అనాలా? బయటివాళ్ల దోపిడీ అనాలా? సరిగ్గా బేరమాడలేని ప్రభుత్వం తప్పు అనాలా? ఒక్కో సిద్ధాంతం ఒక్కో జవాబు చెబుతుంది. చాలామంది తమ రాజకీయాలను బట్టి ఒకదాన్ని ముందే ఎంచుకుని, ఆ తర్వాత ఉదాహరణలు వెతుక్కుంటారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అన్నట్టు ఉంటుంది ఆ వాదన. పరీక్షకు వ్యాసం రాసేవారికైనా, వార్తల్లో ఒక దేశం గురించి చదివి అర్థం చేసుకోవాలనుకునేవారికైనా నేను చెప్పే పద్ధతి వేరు. ముందు మీ ప్రశ్న ఏమిటో తేల్చుకోండి, ఆ తర్వాతే సిద్ధాంతం పట్టుకోండి.

మెట్ల సిద్ధాంతం

దీన్ని త్వరగా ముగించవచ్చు. అమెరికన్ ఆర్థికవేత్త వాల్ట్ రోస్టో 1960లో ఒక పుస్తకంలో అభివృద్ధిని అయిదు దశలుగా చెప్పారు. సాంప్రదాయ సమాజం నుంచి మొదలై, ప్లవనానికి ముందు పరిస్థితులు, ప్లవన దశ, పరిణతి, చివరికి అధిక వినియోగం. 'ప్లవన దశ' అనే మాట మన పాఠ్యపుస్తకాల వల్ల చాలామందికి గుర్తుండే ఉంటుంది. విమానం నేల విడిచి లేచే క్షణమన్నమాట. పొదుపు, పెట్టుబడి ఒక స్థాయి దాటితే ఏ దేశమైనా అలా లేస్తుందని ఆయన ధీమా. పుస్తకం ఉపశీర్షికలోనే అది కమ్యూనిస్టేతర మేనిఫెస్టో అని ఉంటుంది, కాబట్టి దాని రాజకీయం దాచిందేమీ కాదు.

ఇందులో లోపం ఏమిటంటే, బ్రిటన్ ఈ మెట్లు ఎక్కినప్పుడు ముందు వేరే దేశం ఎవరూ లేరు. తర్వాత వచ్చిన దేశాలు మెట్లెక్కేసరికి పైన ఇదివరకే ఎక్కినవాళ్లు కూర్చుని ఉన్నారు, సరుకుల ధరలు నిర్ణయిస్తున్నారు, అప్పులిస్తున్నారు. రోస్టో లెక్కలో ఇది దాదాపు లేదు. ఒక దేశంలో పెట్టుబడి రేటు ఎప్పుడు పెరిగింది, కరెంటూ రోడ్లూ ఎప్పుడొచ్చాయి అని వరుసగా వర్ణించడానికి ఇది పనికొస్తుంది. కారణం చెప్పమంటే మాత్రం దీన్ని నమ్ముకోకండి.

ప్రెబిష్ చెప్పిన ధరల చిక్కు

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పరాధీనత సిద్ధాంతం (పేద దేశాల వెనుకబాటుకు సంపన్న దేశాలతో వాటికున్న సంబంధమే కారణమనే వాదన) పేరుతో జనం కలిపేసే వాటిలో నిజంగా విడిగా చూడాల్సింది ఇదే.

రౌల్ ప్రెబిష్ విప్లవకారుడు కాదు. అర్జెంటీనా కేంద్ర బ్యాంకును 1935 నుంచి 1943 దాకా నడిపించిన ఆర్థికవేత్త, మొదట్లో స్వేచ్ఛా వాణిజ్యాన్ని నమ్మినవాడు. 1929 తర్వాత వచ్చిన మహామాంద్యం ఆ నమ్మకాన్ని కదిలించింది. గోధుమల ధర, మాంసం ధర పడిపోయినంతగా యంత్రాల ధర పడలేదు. నిన్నటిదాకా ఒక యంత్రానికి ఎన్ని బస్తాల గోధుమలు పంపితే సరిపోయేదో, ఇప్పుడు అంతకంటే చాలా ఎక్కువ పంపాలి. ఈ అనుభవంతోనే ఆయన 1949లో ఐక్యరాజ్యసమితి లాటిన్ అమెరికా ఆర్థిక సంఘం తరఫున తన ప్రసిద్ధ పత్రం రాశారు. హాన్స్ సింగర్ అనే మరో ఆర్థికవేత్త దాదాపు అదే సమయంలో, విడిగా, అదే మాటకు వచ్చారు. అందుకే దీన్ని ఇద్దరి పేర్లతోనూ పిలుస్తారు.

వాదన ఇది. ప్రపంచంలో కేంద్రం ఉంది, అంటే పరిశ్రమలున్న సంపన్న దేశాలు; అంచు ఉంది, అంటే వాటికి ముడిసరుకు అమ్మే పేద దేశాలు. కేంద్రంలో ఉత్పాదకత పెరిగితే కంపెనీలు, కార్మిక సంఘాలు కలిసి ఆ లాభాన్ని జీతాలుగా, లాభాలుగా నిలుపుకుంటాయి, సరుకు ధర తగ్గనివ్వవు. అంచు దేశాల్లో పని కోసం ఎదురుచూసేవాళ్లు ఎప్పుడూ ఎక్కువే, కాబట్టి జీతాలు పెరగవు. అక్కడ తోటలోనో గనిలోనో ఉత్పాదకత పెరిగితే ఆ లాభం తక్కువ ధర రూపంలో కొనేవాడికి వెళ్లిపోతుంది. సింగర్ ఇంకొక మాట కలిపారు. మనిషి ఆదాయం రెట్టింపైతే రెండు రెట్లు కాఫీ తాగడు. మిగిలిన డబ్బుతో రేడియోనో కారో కొంటాడు. కాబట్టి ప్రపంచం సంపన్నమయ్యేకొద్దీ ముడిసరుకు అమ్మేవాడి వాటా తగ్గుతూ వస్తుంది.

ఈ వాదన బలం ఏమిటంటే, ఇందులో ఎవరూ దుర్మార్గులు కానక్కర్లేదు. అందరూ నియమాల ప్రకారం వ్యాపారం చేసినా ఫలితం ఇదే. లెక్కలు తీసి పరీక్షించవచ్చు కూడా. పరీక్షించినప్పుడు చిత్రం కొంచెం గజిబిజిగానే ఉంటుంది. దీర్ఘకాలంలో ముడిసరుకుల ధరలు నెమ్మదిగా కిందికి జారాయన్న వాదనకు ఆధారాలు ఉన్నాయి గానీ, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా చూస్తున్నామన్నదాన్ని బట్టి గీత మారిపోతుంది. 2000ల మొదటి దశాబ్దంలో చైనా కొనుగోళ్ల వల్ల లోహాల ధరలు ఎగిశాయి, అప్పుడు ప్రెబిష్ పని అయిపోయిందన్నారు. 2014లో చమురు ధర కూలాక మళ్లీ ఆయన పేరు వినిపించింది. నాకనిపించేది, ధర తగ్గడం కంటే ధర ఊగిసలాటే పెద్ద దెబ్బ. జాంబియా రాగి ధర బాగున్న రోజుల్లో బడ్జెట్లు వేసుకుంది, 1974 తర్వాత ధర పడిపోగానే అప్పుల్లోకి దిగింది.

ప్రెబిష్ చూపిన దారి, దిగుమతి చేసుకునే వస్తువులను సుంకాల రక్షణతో ఇంట్లోనే తయారు చేసుకోవడం. లాటిన్ అమెరికా దేశాలు ఆ దారిలో కొన్నేళ్లు బాగానే నడిచాయి. తర్వాత ఒక చిక్కు బయటపడింది. సబ్బులూ ఫ్రిజ్‌లూ ఇంట్లో తయారవుతున్నాయి సరే, వాటిని చేసే యంత్రాలు బయటి నుంచే రావాలి. పరాధీనత పోలేదు, వినియోగ వస్తువుల నుంచి యంత్రాల మీదికి మారింది. పైగా రక్షణ కింద పెరిగిన ఫ్యాక్టరీలు చాలావరకు ఎగుమతి చేసే స్థితికి రాలేదు. డాలర్ల కోసం అప్పులు చేశారు, 1982 ఆగస్టులో మెక్సికో ఇక కట్టలేనంది. ఆ దశాబ్దాన్ని లాటిన్ అమెరికాలో కోల్పోయిన దశాబ్దం అంటారు.

ఒక దేశం ఎగుమతుల్లో ఒకటి రెండు ముడిసరుకులే ఎక్కువ భాగమైతే, ధరలు, అప్పులు, విదేశీ మారకం గురించి మీ ప్రశ్న ఉంటే, ముందు పట్టుకోవాల్సింది ప్రెబిష్‌నే.

ఫ్రాంక్, కార్డోసో: ఒకే గూటి పక్షులు కావు

పరాధీనత అనగానే ఎక్కువమందికి ఆండ్రే గుండర్ ఫ్రాంక్ గుర్తొస్తారు. చికాగోలో డాక్టరేట్ చేసి, ఆ చికాగో ఆర్థికశాస్త్రానికే ఎదురు తిరిగినాయన. 1966లో రాసిన వ్యాసంలో ఆయన చెప్పింది సూటిగా ఉంటుంది. వెనుకబాటుతనం అంటే అభివృద్ధి ఇంకా మొదలుకాని స్థితి కాదు, దాన్ని తయారు చేశారు. ఒకప్పుడు ప్రపంచ మార్కెట్‌తో బాగా ముడిపడిన చోట్లే ఇవాళ అత్యంత పేదవి అంటూ బ్రెజిల్ ఈశాన్యంలోని చెరకు ప్రాంతాన్ని, బొలీవియాలో వెండి తవ్వుకుపోయిన పొటోసిని చూపించారు. కేంద్రంతో ముడి వదులైనప్పుడల్లా, అంటే యుద్ధాలప్పుడు, మాంద్యం అప్పుడు, ఈ దేశాల్లో పరిశ్రమలు పెరిగాయన్నారు.

మొదటిసారి చదివినప్పుడు ఫ్రాంక్ నన్ను పూర్తిగా కట్టిపడేశారు. ఇప్పటికీ కొన్ని ప్రశ్నలకు ఆయనే దిక్కు. హైతీనే తీసుకోండి. బానిసలు తిరగబడి 1804లో స్వతంత్ర దేశం ప్రకటించుకున్నారు. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపి, పాత యజమానులకు నష్టపరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. 1838లో దాన్ని 9 కోట్లకు తగ్గించారు. మొదటి వాయిదా కట్టడానికే హైతీ ఫ్రెంచ్ బ్యాంకుల దగ్గర అప్పు చేయాల్సి వచ్చింది. ఆ పరిహారంతో ముడిపడిన అప్పులు తీరేసరికి 1947 అయింది. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లే తమ విడుదలకు వెల కట్టారన్నమాట. ఇలాంటి కథకు పొదుపు రేటు, ప్లవన దశ అంటూ వివరణ ఇస్తే నవ్వొస్తుంది. మిగులు ఎటు పోయిందో అడిగే సిద్ధాంతమే కావాలి. ఈ ప్రశ్న లాటిన్ అమెరికాలో పుట్టిందేమీ కాదు, దాదాభాయ్ నౌరోజీ సంపద తరలింపు గురించి 19వ శతాబ్దంలోనే లెక్కలు వేశారు, 1901లో వాటిని పుస్తకంగా తెచ్చారు. గయానా చరిత్రకారుడు వాల్టర్ రాడ్నీ 1972లో ఆఫ్రికా గురించి అడిగిందీ ఇదే.

కానీ ఫ్రాంక్ దగ్గర ఒక చోట బండి ఆగిపోతుంది. దక్షిణ కొరియా. అమెరికా సాయం, జపాన్ సాంకేతికత, విదేశీ అప్పులు, ఎగుమతి మార్కెట్లు, ఇన్ని ముడులతో కేంద్రానికి కట్టుబడి ఉన్న దేశం ఇంకొకటి కనపడదు. ఫ్రాంక్ లెక్కన అది ఇంకా వెనుకబడాలి. అది సంపన్న దేశాల జాబితాలో చేరింది.

ఫెర్నాండో హెన్రిక్ కార్డోసో, ఎంజో ఫాలెట్టో 1969లో రాసిన పుస్తకం ఇక్కడ ఉపయోగపడుతుంది. ఇద్దరూ పరాధీనత మాటే వాడారు, కానీ అందులోనూ పరిశ్రమలు పెరగవచ్చన్నారు. బయటి శక్తి గోడ అవతల నుంచి ఒక్కటే పనిచేయదు, లోపల దానితో చేతులు కలిపే వర్గాలు ఉంటాయి. ఏ వర్గం, ఏ బేరం, ఏ ప్రభుత్వం అన్నదాన్ని బట్టి ఒక్కో దేశం కథ ఒక్కోలా ఉంటుంది. కాబట్టి అన్ని దేశాలకూ వర్తించే ఒకే చట్టం కోసం వెతకవద్దు, ప్రతి దేశాన్నీ విడిగా చదవండి అన్నారు. ఇదే కార్డోసో 1995 నుంచి 2002 దాకా బ్రెజిల్ అధ్యక్షుడిగా ఉన్నారు, ప్రభుత్వ గని కంపెనీని, టెలిఫోన్ సంస్థను అమ్మేశారు. పుస్తకాన్ని గౌరవించేవాళ్లలో చాలామంది అధ్యక్షుడిని క్షమించలేదు. ఆ తగువులోకి నేను వెళ్లను గానీ, పుస్తకం చదివితే ఆయన విదేశీ పెట్టుబడి తలుపు మూసేయమని ఎక్కడా అనలేదని తెలుస్తుంది.

ఈ ఇద్దరిలో ఎవరిని తీసుకోవాలి? వలస పాలన కాలం, బలవంతపు పన్నులు, తోటలు, గనుల గురించి అయితే ఫ్రాంక్. 1950 తర్వాత పరిశ్రమలు ఉన్నా అసమానత తగ్గని దేశాల గురించి అయితే కార్డోసో. పరాధీనత సిద్ధాంతం ఇలా అంటుంది అని ఒకే వాక్యంలో ఇద్దరినీ కలిపి రాసిన వ్యాసం చూస్తే, రాసినవారు అసలు పుస్తకాలు తెరవలేదని నాకు అనుమానం వస్తుంది. ఈజిప్టులో పుట్టిన ఆర్థికవేత్త సమీర్ అమీన్ చెప్పిన, ప్రపంచ మార్కెట్‌తో తెగతెంపుల గురించి కూడా ఇలాంటి అపోహే ఉంది. ఆయన అడిగింది సరిహద్దులు మూసేయమని కాదు, బయటి వ్యాపారం లోపలి అవసరాలకు లోబడి నడవాలని. అమెరికన్ సామాజికశాస్త్రవేత్త వాలర్‌స్టీన్ ప్రపంచ వ్యవస్థ సిద్ధాంతం గురించి ఇక్కడ ఒక్క మాట చాలు. కేంద్రానికీ అంచుకూ మధ్య ఆయన పెట్టిన 'అర్ధ అంచు' అనే గది బ్రెజిల్ లాంటి దేశాలను ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియనప్పుడు అక్కరకొస్తుంది. ఒక దేశం ఆ గదిలోంచి ఎలా బయటపడిందో మాత్రం పెద్దగా చెప్పదు.

లోపలి కారణాలు చెప్పేవాళ్లు

ఇవతలి ఒడ్డున డారన్ అసెమొగ్లు, సైమన్ జాన్సన్, జేమ్స్ రాబిన్సన్ ఉన్నారు. 2024లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వీళ్లకే వచ్చింది. 2001 నాటి వీళ్ల పరిశోధన చెప్పేదేమిటంటే, యూరోపియన్లు రోగాలతో ఎక్కువగా చనిపోయిన వలసల్లో వాళ్లు స్థిరపడలేదు, పిండుకుపోయే వ్యవస్థలు పెట్టారు. బతకగలిగిన చోట స్థిరపడి ఆస్తికి రక్షణ, చట్టం తెచ్చుకున్నారు. ఆ వ్యవస్థలు స్వాతంత్ర్యం తర్వాత కూడా నిలిచిపోయాయి.

గమనించండి, ఇందులోనూ వలస పాలన ఉంది. కాబట్టి వీళ్లను ఫ్రాంక్‌కు బద్ధ శత్రువులుగా చూపించడం తొందరపాటు. అసలు తేడా ఇవాళ్టి గురించి. వ్యవస్థలవాదుల లెక్కలో బయటివాడు అప్పుడెప్పుడో వేసిన ముద్ర ఇప్పుడు లోపలి కోర్టుల్లో, పన్నుల ఆఫీసుల్లో బతుకుతోంది, కాబట్టి మందు కూడా లోపలే. పరాధీనతవాదుల లెక్కలో బయటి లాగుడు ఇంకా ఆగలేదు. వ్యాసం రాసేటప్పుడు ఈ ఒక్క తేడాను స్పష్టంగా పెడితే సగం పని అయిపోయినట్టే.

వీళ్లకు బోట్స్వానా ఇష్టమైన ఉదాహరణ. సముద్రం లేదు, ఎగుమతిలో చాలా భాగం ఒకే సరుకు, వజ్రాలు, తవ్వేది విదేశీ కంపెనీతో కలిసి. భౌగోళిక కారణాలు చెప్పేవాళ్ల లెక్కలోనూ, ఫ్రాంక్ లెక్కలోనూ అది మునగాలి. 1966లో స్వతంత్రమయ్యాక దశాబ్దాల పాటు ప్రపంచంలోనే వేగంగా పెరిగిన దేశాల్లో ఒకటైంది. మంచి పాలన వల్లే అంటారు. నిజమే, కానీ అంతటితో ఆపేస్తే ఒక సంగతి జారిపోతుంది. ఆ ప్రభుత్వం గనుల కంపెనీలో సగం వాటా పట్టింది, ఆ తర్వాత కూడా బేరం ఆపలేదు, 2013లో వజ్రాలను వేరుచేసి అమ్మే పనిని లండన్ నుంచి గాబొరోన్‌కు రప్పించుకుంది. బేరం అంటే పరాధీనతవాదుల సొంత మాట. ఇన్ని చేసినా వజ్రాల గిరాకీ పడితే దేశం ఖజానా వణుకుతుంది, అక్కడ మళ్లీ ప్రెబిష్ గుర్తొస్తారు.

ఎంచుకునే ముందు పెట్టాల్సిన పరీక్షలు

1975లో ఆర్థికవేత్త సంజయ లాల్ ఒక ఇబ్బందికరమైన ప్రశ్న అడిగారు. విదేశీ పెట్టుబడి మీద ఆధారపడటమే పరాధీనత అయితే, కెనడా, బెల్జియం భారత్, పాకిస్తాన్‌ల కంటే ఎక్కువ పరాధీనం కదా, మరి అవి పేదవి ఎందుకు కావు? మీరు పరాధీనత మాట వాడే ప్రతిసారీ వాక్యంలో కెనడా పేరు పెట్టి చూసుకోండి. కెనడాకూ అతికితే, మీరు చెప్పింది పేదరికానికి కారణం కాదు.

రెండో పరీక్ష కొరియా ఉక్కు. 1960ల చివర్లో ప్రపంచ బ్యాంకు కొరియాకు పెద్ద ఉక్కు కర్మాగారం గిట్టుబాటు కాదని తేల్చింది. ప్రభుత్వం వినలేదు. వలస పాలన లెక్కలు తేల్చుకుంటూ 1965 ఒప్పందం కింద జపాన్ ఇచ్చిన డబ్బులో కొంత తీసి పోహాంగ్‌లో కట్టింది. 1973లో ఉక్కు బయటికొచ్చింది, తర్వాత అది ప్రపంచంలోని పెద్ద ఉక్కు కంపెనీల్లో ఒకటైంది. మార్కెట్‌ను దాని మానాన వదిలేయాలనే సిద్ధాంతం ఇక్కడ ఓడింది, కేంద్రంతో ముడిపడితే ఎదగలేరనే సిద్ధాంతమూ ఓడింది. కొరియా భూసంస్కరణలు చేసి పెద్ద భూస్వాముల వర్గాన్ని ముందే బలహీనపరిచింది, బ్యాంకులను చేతిలో పెట్టుకుంది, రాయితీ ఇచ్చిన కంపెనీ ఎగుమతి చేసి చూపించాలంది. లాటిన్ అమెరికాలో రక్షణ ఉంది, ఈ షరతు లేదు. కార్డోసో అడిగే ప్రశ్న, అంటే లోపలి వర్గాల బలాబలాలు ఏమిటన్నది, ఇక్కడ ఎక్కువ దూరం తీసుకెళ్తుంది.

ఇప్పుడు మళ్లీ ఘనా. ఆనకట్ట చూసి రోస్టో మనిషి సంతోషిస్తాడు. ప్రెబిష్ మనిషి 1965లో కోకో ధర కూలిన సంగతి తీస్తాడు. ఫ్రాంక్ మనిషి చౌక కరెంటు ఒప్పందం ఎవరికి లాభమో అడుగుతాడు. కరెంటు ధరను తిరిగి బేరమాడి పెంచుకోవడానికి ఘనాకు 1985 దాకా పట్టింది. వ్యవస్థలవాది 1964లో ఏకపార్టీ రాజ్యం వచ్చిందనీ, కోకో రైతుకు ప్రపంచ ధరలో కొంత భాగమే ముట్టిందనీ గుర్తు చేస్తాడు. ఆనకట్ట ప్రారంభమైన నెల తర్వాత, 1966 ఫిబ్రవరి 24న, సైన్యం అధ్యక్షుడు ఎన్‌క్రూమాను దించేసింది. మధ్య ప్లాంటు ఎందుకు రాలేదు అన్న ఒక్క ప్రశ్నకైతే నేను బేరం వైపే వెళ్తాను: కట్టే డబ్బు, సాంకేతికత కంపెనీల దగ్గర ఉన్నాయి, వాటికి అది అవసరం లేదు. రైతు ఎందుకు కోకో మొక్కలు నాటడం తగ్గించాడు అని అడిగితే మాత్రం లోపలి ధరల విధానం చూడకుండా కుదరదు. దేశం ఒకటే, ప్రశ్న మారితే సిద్ధాంతం మారుతుంది.

వార్తల్లో ఇప్పుడు నడుస్తున్న కేసు కావాలంటే ఇండోనేషియా నికెల్ చూడండి. ముడి ఖనిజం ఎగుమతిని 2020లో నిషేధించారు, కరిగించి అమ్మాలన్నారు. యూరోపియన్ యూనియన్ ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కింది, 2022లో అక్కడి ప్యానెల్ ఇండోనేషియాకు వ్యతిరేకంగా చెప్పింది, ఇండోనేషియా అప్పీలు చేసింది. ఈలోగా కొలిమి ఫ్యాక్టరీలు మాత్రం వరుసగా లేచాయి. ప్రెబిష్‌ను చదివినవారు భేష్ అంటారు. కానీ ఆ ఫ్యాక్టరీల్లో చాలా వాటి వెనక చైనా పెట్టుబడి, చైనా సాంకేతికత ఉన్నాయి. పరాధీనతలో కొత్త రకం సాంకేతికత ద్వారా వస్తుందని బ్రెజిల్ ఆర్థికవేత్త తియొతోనియో దోస్ శాంతోస్ 1970లో రాసిన వ్యాసం దగ్గర పెట్టుకుని ఈ వార్తను చదివితే, ఎగుమతి అంకెల కంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు వేరే కనిపిస్తాయి: కొలిమి డిజైన్ ఎవరిది, ఇంజనీర్లు ఎవరు, లాభం ఏ దేశపు బ్యాంకులో జమవుతోంది.